దుమ్ము అలర్జీ పిల్లలకు కావలసింది ఒక్కరోజు సాయం కాదు

ప్రతి తరగతిలోనూ ఇలాంటి బిడ్డ ఒకరు కనిపిస్తారు. పొద్దున్నే వరుస తుమ్ములు, కారే ముక్కు, దురద పెట్టే కళ్లు. రాత్రి దగ్గుతో నిద్ర ఉండదు, పగలు పాఠం ఎక్కదు. "జలుబే కదా" అని ఇంట్లో వదిలేస్తారు. ఉపాధ్యాయుడిగా నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

నెలల తరబడి వదలని ఇలాంటి జలుబుకు డస్ట్ మైట్ ఒక ముఖ్య కారణం. ఇది కంటికి కనబడనంత చిన్న పురుగు. పరుపుల్లో, దిండ్లలో చేరి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని మలంలోని ప్రొటీన్లు ఊపిరితో లోపలికి పోయి అలర్జీ తెస్తాయి.

దీన్ని తేల్చడానికి స్కిన్ ప్రిక్ టెస్ట్ చేస్తారు. ముంజేతి మీద ఆ పురుగు సారం చుక్క వేసి, సన్నని మొనతో పైపైన గుచ్చుతారు. పోల్చి చూడటానికి పక్కనే సెలైన్, హిస్టమిన్ చుక్కలు వేస్తారు. 15-20 నిమిషాల తర్వాత సెలైన్ వేసిన చోటికంటే కనీసం 3 మిల్లీమీటర్లు పెద్ద దద్దురు లేస్తే పాజిటివ్. అయితే దద్దురు ఒక్కటే చాలదు, బిడ్డ బాధలతో అది సరిపోలాలి. అలర్జీ మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెబుతారు.

ఇమ్యునోథెరపీలో ఆ సారాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేస్తారు. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి అలర్జీకి ఈ పద్ధతిని ప్రకటించారు. సాధారణంగా 5 ఏళ్లు దాటిన పిల్లలకు ఇస్తారు. ఇంజెక్షన్లయితే మొదట వారం వారం, తర్వాత నెలకొకటి. నాలుక కింద మందయితే రోజూ. అరుదుగా ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్ రావచ్చు కనుక ఇంజెక్షన్ తర్వాత 30 నిమిషాలు ఆసుపత్రిలోనే ఉండాలి. ఉబ్బసం అదుపులో లేకపోతే మొదలుపెట్టరు. డాక్టరు చెప్పకుండా ఇన్‌హేలర్ మానకూడదు.

ఈ చికిత్స 3 నుంచి 5 ఏళ్లు సాగాలి. కొంత మెరుగు కనబడగానే, లేదా డబ్బు అందక, నడుమ మానేస్తే అందవలసిన మేలు నిలవదు. అందుకే దాతలకు నా మనవి: పది మందికి పరీక్ష చేయించి వదిలేయడం కన్నా, ఒక్క బిడ్డకు చివరి మోతాదు దాకా తోడు నిలవండి. మందు ఖర్చుతోపాటు ఆసుపత్రికి బస్సు చార్జీ, తల్లి పోగొట్టుకునే రోజు కూలీ కూడా లెక్కలో వేసుకోండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకమని ఇంట్లో చెప్పండి.

రాత్రి నిద్రపోయిన బిడ్డే పగలు పాఠం వింటుంది.