పాఠశాలాగణితమున సంజ్ఞలు, లక్షణములు

శబ్దమునకుఁ గల యర్థబోధకశక్తిని రూఢి, యోగము, యోగరూఢి యని మన శాస్త్రకారులు విభజించిరి. పాచకుఁడనఁగా వండువాఁడు, అవయవార్థమే యిచట నర్థము గావున నిది యోగము. పంకజమనఁగా బురదయందుఁ బుట్టిన దైనను, నాచును గాక తామరనే చెప్పును, ఇది యోగరూఢి. అవయవములతోఁ బనిలేక సముదాయమునందే యర్థము నిలిచినచో రూఢి. ఈ విచారము వ్యాకరణతర్కములు చదువువారికే కావలసిన దని పెక్కురు తలంతురు. కాని గణితపుస్తకము చేతఁబట్టిన బాలుఁడు దినదినమును నీ చిక్కునందే తగుల్కొనుచున్నాఁడు. పుస్తకము సంజ్ఞను రూఢిగా వాడును. బాలుఁడు దానిని యోగముగా వినును. ఉపాధ్యాయుఁ డా రెంటి నడుమ నేమియుఁ జెప్పక లెక్కలోనికిఁ బోవును.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములు నీ విచారమునకుఁ దగిన తావులు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదికి మున్ను మహబూబునగరము జిల్లాలో నుండిన యీ మూఁడు పట్టణములు నాఁటినుండి మూఁడు జిల్లాలకు ముఖ్యస్థానము లైనవి. సంస్థానకాలమున విద్వద్గద్వాల యని పేరొందిన యూరు వీనిలో నొకటి. నైజాము రాజ్యమున నున్నతవిద్య ఉర్దూలో జరిగెను. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై హైదరాబాదునందలి దారుల్ తర్జుమా గణితగ్రంథములను గూడ ఉర్దూలోనికిఁ దెచ్చెను. కావున నీ ప్రాంతమునఁ జదువుకొన్న తాతలు త్రిభుజమును ముసల్లస్ అనియు, కోణమును జావియా యనియు, కూడికను జమా యనియు నేర్చిరి. మనుమలు సంస్కృతసమములను నేర్చిరి. ప్రభుత్వపాఠశాలలందు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టిన 2022-23 విద్యాసంవత్సరమున మునిమనుమల చేతికి ఒక పుటలోఁ దెలుఁగును ఎదుటిపుటలో నింగ్లీషును గల పుస్తకములు వచ్చినవి. బడిలోని పరిభాష యిట్లు తరతరమునకు మాఱుచుండఁగా, ఇంటిలోని పావు, ముప్పావు, గుంట, ఎకరము మాత్రము కదలలేదు. గుంట లెన్ని యెకరమగునని యడిగినచో నక్షరము రాని ముదుసలియు నలువది యని తడుముకొనక చెప్పును.

సంజ్ఞలలో నెల్ల నెక్కువ చిక్కుపెట్టునది కరణీయ, అకరణీయముల జంట. హారము సున్న కాకుండ రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా వ్రాయఁదగినది అకరణీయసంఖ్య. అట్లు వ్రాయరానిది కరణీయసంఖ్య. సంస్కృతము కొంచె మెఱిఁగినవానికిఁ గరణీయమనఁగాఁ జేయఁదగినది. కృధాతువుమీఁద అనీయర్ ప్రత్యయము. సంస్కృత మెఱుఁగనివానికిని అన్యాయము, అసాధ్యము మొదలగు మాటలవలన మొదటి యకారము లేమిని దెలుపునని తెలియును. ఇఁక వ్రాయ వీలైనది అకరణీయము, వీలుకానిది కరణీయము అని చదివినప్పుడు వాని బుద్ధి తలక్రిం దగుట యాశ్చర్యమా? వాఁడు దానిని వల్లించును; పరీక్షనాఁడు తాఱుమాఱు చేయును. ఉపాధ్యాయుఁడు వాని యజాగ్రత్తను నిందించును. ఆ తప్పు అజాగ్రత్తవలనఁ గలిగినది కాదు, మాటను శ్రద్ధగా వినుటవలనఁ గలిగినది.

ఇచటి కరణీయశబ్దము కృదంతము కాదు, తద్ధితాంతము. శుల్బసూత్రములందుఁ గరణి యనఁగా నొకానొక వైశాల్యముగల చతురస్రమును గలుగఁజేయు భుజము. ఒక మూర భుజముగల చతురస్రమునకు రెట్టింపు వైశాల్యమును గలుగఁజేయు భుజము ద్వికరణి. అది యా మొదటి చతురస్రముయొక్క కర్ణమే. దాని కొలఁత 2 యొక్క వర్గమూలము. కరణికి సంబంధించినది కరణీయము. సంబంధము లేనిది అకరణీయము. నల్లబల్లమీఁద నొక చతురస్రమును గీచి, దాని కర్ణముపై వేఱొక చతురస్రమును గీచి, దీనిలో నా మొదటిదానివంటివి రెండు పట్టునని చూపి, అటుపిమ్మట నీ మాటను జెప్పినచో బాలుఁడు మఱవఁడు. ఈ పని కైదు నిమిషములు చాలును.

అయినను నీ సంజ్ఞ నిర్దుష్టమని నే ననను. లక్ష్యములలోఁ గొన్నిటికిఁ జాలకుండుట అవ్యాప్తి, లక్ష్యము కానిదానిపైఁ బ్రసరించుట అతివ్యాప్తి, ఎచ్చటను బొసఁగకుండుట అసంభవము అని లక్షణమునకు మూఁడు దోషములు చెప్పుదురు. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి పూర్ణసంఖ్యల నిష్పత్తి కాదని పదునెనిమిదవ శతాబ్దమున లాంబర్టు నిరూపించెను. కాని యది యే పూర్ణసంఖ్యకును, ఏ భిన్నమునకును మూలము కాఁజాలదని 1882లో లిండెమను చేసిన నిరూపణమువలనఁ దేలినది. కావునఁ గరణీయమను పేరు యోగార్థమున దానికిఁ బొసఁగదు, రూఢిచేతనే పొసఁగవలయును. దీనిమీఁద మఱియొక చిక్కు. పుస్తక మొకచోట నీ నిష్పత్తిని గరణీయమని చెప్పి, వేఱొకచోట 22/7 గాఁ దీసికొను మనును. 22/7 రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తియే కదా యని యడిగిన బాలుని గద్దింపరాదు. వాఁడు లక్షణమును సరిగాఁ జదివినవాఁడు. 499వ సంవత్సరమునాఁటి తన గ్రంథమున ఆర్యభటుఁడు, 20000 వ్యాసముగల వృత్తమునకుఁ బరిధి 62832 అని చెప్పుచు దానిని ఆసన్నమని విశేషించెను. ఆసన్నమనఁగా దగ్గఱది, అదియే కానిది. 22/7 వ్రాసిన ప్రతిచోటను నీ యొక్క విశేషణమును జేర్చినచో మన బాలుర సంశయము తీఱును.

లంబమను మాట చూడుఁడు. ధాతువునకు వ్రేలాడుట యర్థము. తాపీవాని తూకపుగుండువలె నిలువుగా దిగినదే లంబమని బాలుఁడు గ్రహించును. పుస్తకములోని పటములును నడ్డగీఁతపై నిలువుగీఁతనే చూపును. వ్రాలుగీఁతకు లంబము గీయుమన్నచో నెక్కువమంది కాగితమున నిలువుగీఁతనే గీయుదురు. అధికకోణత్రిభుజమున నున్నతి వెలుపలఁ బడునన్నను నమ్మరు. గద్వాలలో దీనికి విఱుగుడు వీథివీథిని గలదు. నూలు మేనికిఁ బట్టుటంచును గూర్చి నేయు గద్వాలచీర మగ్గముపై నుండఁగాఁ జూడుఁడు: పడుగు పడుకొనియే యున్నది, పేకయుఁ బడుకొనియే యున్నది, ఏదియు వ్రేలాడుట లేదు. అయినను నొకటి రెండవదానికి లంబమే. సాలెవారి పిల్లవాఁడు పుట్టినది మొదలు చూచుచున్న యీ వస్తువును విడిచి, బడి వానికి నల్లబల్లపై నిలువుగీఁతను జూపుచున్నది.

దీర్ఘచతురస్రమునందును నిట్టిదే కలఁత. ప్రతి చతురస్రమును దీర్ఘచతురస్రమే యని పుస్తకము చెప్పును. వనపర్తిలో నొక బాలిక నన్నడిగినది: "నాలుగు దిక్కుల సమానం ఉంటే దాన్ని దీర్ఘమని యెట్లంటరు సార్?" ఆ ప్రశ్నలోఁ దప్పేమియు లేదు. నాలుగు కోణములును లంబకోణములు గలది యని లక్షణము. పొడవైనది యని సంజ్ఞ. లక్షణము చతురస్రమును లోనికిఁ బిలుచుచున్నది, సంజ్ఞ వెలికిఁ ద్రోయుచున్నది. ప్రాచీనులు వాడిన ఆయతశబ్దమునకును సాఁగిన దనియే యర్థము గావున నదియు నిచట సాయపడదు. ఈ సంజ్ఞకు యోగార్థము లేదు, రూఢి మాత్రమే యని యా పాఠమునందే స్పష్టముగాఁ జెప్పవలయును.

క.సా.గు., గ.సా.భా. అను పొడిమాటలను గూర్చి యొక్కమాట. 12, 18 అను సంఖ్యల క.సా.గు. 36, గ.సా.భా. 6. కనిష్ఠమని పేరుగలది పెద్దదియు, గరిష్ఠమని పేరుగలది చిన్నదియు నగుట చూచి బాలురు తెల్లబోవుదురు. అల్పశబ్దమునకుఁ గనిష్ఠము, గురుశబ్దమునకు గరిష్ఠము అతిశయార్థరూపములు. కాని విశేషణము దేనికి? మొదటిదాన గుణిజమునకు, రెండవదాన భాజకమునకు. గుణిజములు పైకిఁ బోవుచుండును గనుక వానిలోఁ గనిష్ఠమును, భాజకములు మితములు గనుక వానిలో గరిష్ఠమును వెదకుచున్నాము. సమాసమును మొదటియక్షరములకుఁ గుదించుటచే విశేష్యము గొంతులోనే మిగిలిపోయినది.

ప్రధానసంఖ్య లక్షణ మతివ్యాప్తికి మంచి యుదాహరణము. 1 యును, ఆ సంఖ్యయును మాత్రమే భాజకములుగాఁ గలది ప్రధానసంఖ్య యని నేర్పుదురు. అట్లైన 1 ప్రధానసంఖ్య కావలయును. దానికి 1 భాజకము, అదియే తానును. పేరును బట్టి చూచినను నన్నిటికి మొదటిదానికంటెఁ బ్రధాన మేది? సరిగా రెండు భాజకములు గలది యని మార్చినచో, ఒకే భాజకముగల 1 తనంతఁ దొలఁగును. దాని నేల తొలఁగింపవలయు నన్నచోఁ బ్రయోజనమును జెప్పవలయును. 6 ను ప్రధానసంఖ్యల లబ్ధముగా వ్రాయుటకు 2, 3 అను నొకే మార్గము కలదు. 1 ని గూడఁ బ్రధానమన్నచో దాని నెన్నిమాఱులైనఁ జేర్చి వ్రాయవచ్చును; మార్గములకు లెక్కయుండదు. ఈ కారణము చెప్పినప్పుడు ఆఱవ తరగతి పిల్లలకు సైత మర్థమగుట నేఁ జూచితిని.

జ్యా యను నేకాక్షరపదము నోరుతిరుగక బాలురను బాధించును. అది వింటినారి, చాపము విల్లు. నాగరుకర్నూలు జిల్లాలో అమ్రాబాదు కొండలమీఁదఁ జెంచుపెంటలలోఁ బెరిగిన బాలునకు వింటిని జూపి యీ రెండుమాటలు చెప్పినచో, వృత్తఖండమునుగూర్చి వేఱుగాఁ జెప్పవలసిన దల్పము. ఇదిగాక పదవతరగతిలో వచ్చు సైన్ అను పరదేశపుమాటయు నీ జ్యాయే. జ్యకుఁ బర్యాయమైన జీవాశబ్దము అరబ్బులచేత జీబయై, అచ్చులు వ్రాయని వారి లిపివలన మడత యను నర్థముగల జైబుగాఁ జదువఁబడి, లాటినులోనికి సైనస్ అని యనువదింపఁబడెను. మన బాలుఁ డొక తరగతిలో జ్యాను, వేఱొక తరగతిలో సైనును జదివి, రెండును నొకయింటివని యెఱుఁగకయే బడి విడుచుచున్నాఁడు.

ఇంగ్లీషు వచ్చినది గనుకఁ దెలుఁగుపుట యేల యను వారున్నారు. వారు రెండు పుటలను జోడించి చదివిచూడవలయును. రెక్టాంగిలు అను మాటలో లంబకోణమే కాని పొడవు లేదు. అచట ఇంగ్లీషే మేలు. ట్రెపీజియమున కర్థము గ్రీకుభాషలోఁ జిన్న బల్ల. దానివలన బాలునకు నేమియుఁ దెలియదు. సమలంబచతుర్భుజ మన్నచోఁ బైభుజముయొక్క రెండు కొనలనుండి దింపిన లంబములు సమానములని, కావున నా భుజములు సమాంతరములని, పేరే చెప్పుచున్నది. రేషనల్ అను మాట నిష్పత్తినిఁ దెలుపు రేషియోనుండి వచ్చినదైనను, యుక్తియుక్తమని భ్రమపడు నాంగ్లబాలురు లేకపోలేదు.

సమలంబమునుగూర్చి పాఠ్యపుస్తకసంఘమువారి కొక విన్నపము. ఒక జత యెదుటిభుజములు సమాంతరములుగాఁ గలది యనుచోట, ఒకజత యనఁగాఁ గనీస మొకజతయా, ఒక్కజత మాత్రమేనా? మొదటి యర్థమున సమాంతరచతుర్భుజమును సమలంబమే యగును. రెండవ యర్థమునఁ గాదు. రెండు సంప్రదాయములును లోకమునఁ గలవు. ఏది తమ యభిమతమో యా వాక్యమునందే యొక పదము చేర్చి తెలుపుదురుగాక.