బొమ్మలు రాని పెద్దలు

పలక చేతికి వచ్చిన నాడు ప్రతి పిల్లవాడూ చిత్రకారుడే. కాకిని గీస్తాడు, రైలును గీస్తాడు, ఇంటికంటె ఎత్తైన మనిషిని గీసి తృప్తిపడతాడు. పది పన్నెండేళ్ళు వచ్చేసరికి కన్ను చేతిని మించి ఎదుగుతుంది. చూచినది ఒకటి, గీసినది మరొకటి అయిందన్న సిగ్గు పుడుతుంది. ఆ సిగ్గుతో పెన్సిలు క్రింద పెట్టినవారే పెద్దవారై, "మాకు బొమ్మలు రావండీ" అంటారు.

కృష్ణా డెల్టాలో ఈ సిగ్గు సోకని వారున్నారు. ధనుర్మాసపు వేకువను గుడివాడ వీధులలోనైనా, దివిసీమ పల్లెలలోనైనా అరవై ఏళ్ళ ఇల్లాలు వాకిట చుక్కలు పెట్టి ముగ్గు కలుపుతుంది. తాను కళాకారిణినా కాదా అని ఆమె విచారించదు. మధ్యాహ్నానికి అది కాళ్ళ క్రింద చెరుగుతుందని తెలిసీ, మరునాడు మరల వేస్తుంది. ఆమెకు మార్కులు వేసేవారు లేరు. పెద్దవయసులో గీయదలచినవారికి కావలసిన పాఠం ఆ వాకిటిలోనే ఉన్నది.

బడిలో కూడ గీతకు చోటుండాలని బందరు పెద్దలు ఏనాడో తలచారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గారలు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రలేఖనం విద్యలో భాగమైనది. వంగదేశం నుండి వచ్చిన ప్రమోదకుమార చటర్జీ గారు అక్కడ బోధించారు. 1895లో జన్మించిన అడివి బాపిరాజు గారు పెద్దవారైన తరువాతనే ఆయన వద్ద శిష్యరికం చేశారు. అనంతరం ఆ కళాశాలకే ప్రిన్సిపాలు అయినారు.

రవీంద్రనాథ టాగూరు మరింత ఆలస్యంగా మొదలుపెట్టారు. వ్రాతప్రతులలో కొట్టివేసిన మాటలను గీతలతో కలుపుతూ ఆకారాలు కల్పించేవారు. అరవై దాటిన పిదప ఆ ఆటే చిత్రరచన అయినది. 1930లో పారిస్‌లో ప్రదర్శన జరిగింది. ఆయన విడిచిపోయిన చిత్రాలు రెండువేలకు పైబడినవి.

అందరమూ టాగూరులము కానక్కరలేదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మంది పెద్దలచేత 45 నిమిషాలపాటు రంగులతోను, మట్టితోను, కాగితపు ముక్కలతోను పని చేయించి, 2016లో ఫలితాలను ప్రకటించారు. సుమారు 75 శాతం మందిలో మనసు ఒత్తిడికి గురి అయినపుడు పెరిగే కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది. పూర్వాభ్యాసం ఉన్నవారికీ లేనివారికీ ఇందులో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. పరీక్ష చిన్నదే, కాని విశ్రాంతికి నైపుణ్యం షరతు కాదని సూచిస్తున్నది.

సాధనకు కావలసినది ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, రోజుకు పది నిమిషాలు. రబ్బరు లేకపోతే మరీ మంచిది. పెడనలోని కలంకారీ అచ్చు మీది తీగ, కాలువగట్టు మీది తాటిచెట్టు, హంసలదీవి దగ్గర ఒడ్డుకు లాగిన పడవ, ఇవేవీ దొరకనినాడు బల్ల మీది మంచినీళ్ళ చెంబు చాలును.

ఉపాధ్యాయులకు ఇందులో మరొక బాధ్యత ఉన్నది. నల్లబల్ల మీద మాస్టారు గీసిన ఆవు మేకవలె వచ్చి, ఆయనే ముందుగా నవ్వగలిగితే, తరగతిలో పెన్సిలు క్రింద పెట్టబోయిన పిల్లవాడొకడు దానిని మరల పట్టుకుంటాడు.