పవర్ స్టీరింగ్ నుంచి మాన్యువల్‌కు: పాత మస్టాంగ్‌లో మారేవేమిటి?

పవర్ స్టీరింగ్ ఉన్న పాత కారును మాన్యువల్‌కు మార్చాలంటే పంపు బెల్టు విప్పి పక్కన పడేస్తే సరిపోదు. మాన్యువల్ స్టీరింగ్‌కు బాక్స్‌లోని గేర్ల నిష్పత్తి వేరు, కింద ఉండే కడ్డీలు, అంటే లింకేజీ, వేరు, ముందు చక్రాలు నిలబడే కోణాలు కూడా వేరు. ఈ తేడాలన్నీ విడివిడిగా కంటికి కనిపించే బండి 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్.

పవర్ స్టీరింగ్‌ను క్రైస్లర్ సంస్థ 1951లో ఇంపీరియల్ కారుతో మార్కెట్‌లోకి తెచ్చింది. 1964 ఏప్రిల్‌లో మస్టాంగ్ వచ్చేనాటికి అది అదనంగా డబ్బు కట్టినవారికే బిగించి ఇచ్చే సదుపాయం. దానికోసం ఫోర్డ్ స్టీరింగ్ బాక్స్ లోపల హైడ్రాలిక్స్ పెట్టలేదు, బయట ఉన్న లింకేజీకే సాయం తగిలించింది. స్టీరింగ్ బాక్స్ నుంచి కిందికి వేలాడే పిట్‌మన్ ఆర్మ్, రెండు చక్రాల వైపు సాగే అడ్డ కడ్డీ అయిన సెంటర్ లింక్ కలిసే చోట ఒక కంట్రోల్ వాల్వ్ ఉంటుంది. స్టీరింగ్ తిప్పగానే ఆర్మ్ ఆ వాల్వ్‌లో జరిగే కడ్డీని, అంటే స్పూల్‌ను, కొద్దిగా జరుపుతుంది. పంపు నుంచి వచ్చే ఆయిల్ అప్పుడు ఒక సిలిండర్‌లోకి వెళ్లి సెంటర్ లింక్‌ను తోస్తుంది. ఆ సిలిండర్ ఒక కొన ఛాసిస్‌కు, మరో కొన సెంటర్ లింక్‌కు బిగించి ఉంటుంది. వీటన్నిటినీ కలుపుతూ నాలుగు హోసులు.

ఈ ఏర్పాటుకు తలనొప్పంతా లీకులే. వాల్వ్ సీళ్లు, హోసుల మూతులు, సిలిండర్ రాడ్ సీలు ఒకదాని తర్వాత ఒకటి కారడం మొదలుపెడతాయి. బండి ఆపిన చోటల్లా నేలమీద ఎర్రటి నూనె మరక పడుతుంది. దీనికితోడు రోడ్డు స్పర్శ చేతికి తెలియడం లేదన్న ఫిర్యాదు, ఇంజిన్ గదిలో చోటు కావాలన్న అవసరం, బరువు తగ్గించాలన్న ఆశ కూడా మాన్యువల్‌కు మారాలనిపించేలా చేస్తాయి. లీకు ఒక్కటే బాధ అయితే మార్పిడి దాకా వెళ్లనక్కర్లేదు. వాల్వ్‌కు, సిలిండర్‌కు రిపేరు కిట్లు దొరుకుతాయి, వాటితో అయ్యే ఖర్చు చాలా తక్కువ.

బెల్టు ఒక్కటి తీసేసి నడిపితే ఏమవుతుందో ముందుగా తెలుసుకోవాలి. స్పూల్ తన చివరి అంచుకు తగిలేదాకా చక్రాలు కదలవు, ఆ కాస్త దూరమూ చేతికి ప్లేగా తెలుస్తుంది. ఆ తర్వాత డ్రైవర్ చక్రాలను తిప్పడమే కాక, సిలిండర్‌లో నిలిచిన ఆయిల్‌నూ నెట్టాలి. పైగా పవర్ స్టీరింగ్ బాక్స్ నిష్పత్తి 16:1. మాన్యువల్ బాక్స్‌లో అది దాదాపు 20:1. అంటే మాన్యువల్ కారులో స్టీరింగ్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, బదులుగా చేతిమీద పడే బలం ఐదో వంతు తగ్గుతుంది. పంపు లేని 16:1 బాక్స్‌తో పార్కింగ్ అంటే భుజాలకు కసరత్తే. అదే 16:1 బాక్స్‌ను పంపు లేకుండా, మాన్యువల్ లింకేజీతో చురుకైన స్టీరింగ్ కోసం కోరి వాడుకున్నవారూ ఉన్నారు కానీ, అది ఊళ్లో రోజూ తిప్పే బండికి నప్పదు.

సరైన మార్పిడిలో పంపు, బ్రాకెట్, హోసులు, వాల్వ్, సిలిండర్ అన్నీ బయటికి వస్తాయి. మాన్యువల్ సెంటర్ లింక్, దానికి తగిన పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ లోపలికి వెళతాయి. పంపును తిప్పిన బెల్టే మరో భాగాన్ని కూడా తిప్పుతుంటే, కొలత మార్చిన కొత్త బెల్టు వేయాలి. ఎక్కువమంది దెబ్బతినేది సామాను కొనడంలోనే. బాక్స్ నుంచి వచ్చే సెక్టార్ షాఫ్ట్ తొలి కార్లలో 1 అంగుళం మందం, తర్వాతి వాటిలో 1⅛ అంగుళం. ఆరు సిలిండర్ల కారు లింకేజీ వీ8కు సరిపోదు. అరవై ఏళ్లలో ఎవరు ఏ భాగం మార్చారో తెలియదు కనుక, కారు తయారైన ఏడాది చూసి కాదు, షాఫ్ట్‌ను కొలిచి కొనాలి.

పిట్‌మన్ ఆర్మ్‌ను సుత్తితో కొట్టి ఊడదీయకూడదు. ఆ దెబ్బ బాక్స్ లోపలి బేరింగులకు తగులుతుంది. పుల్లర్ వేసి లాగాలి. బాక్స్ కూడా మార్చాలంటే 1965, 1966 కార్లలో పని పెరుగుతుంది. స్టీరింగ్ షాఫ్ట్, బాక్స్ ఒకే ముక్కగా ఉంటాయి కాబట్టి కాలమ్ విప్పక తప్పదు. కొత్త బాక్స్ బిగించాక, లింకేజీ తగిలించకముందే స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి మెల్లగా తిప్పి చుట్లు లెక్కపెట్టాలి. అందులో సగం దగ్గర ఆపితే అది బాక్స్ నడిమి స్థానం. బాక్స్‌లో ప్లే అతి తక్కువగా ఉండేది అక్కడే కనుక, ముందు చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్స్ కూడా అక్కడే ఉండాలి. ఇది తప్పితే కారు తిన్నటి రోడ్డుమీద ఊగిసలాడుతుంది. విప్పిన స్ప్లిట్ పిన్నులను మళ్లీ వాడకూడదు.

ఆ తర్వాత అలైన్‌మెంట్. దీన్ని చివర్లో మొక్కుబడిగా చేస్తే మార్పిడి అంతా వృథా. ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణాన్ని క్యాస్టర్ అంటారు. వాలు పెరిగేకొద్దీ కారు తిన్నగా పోతుంది, మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి వస్తుంది, కానీ తిప్పడం బరువవుతుంది. పవర్ ఉన్న కారుకు రెండు మూడు డిగ్రీలు పెట్టినా ఇబ్బంది ఉండదు. మాన్యువల్‌కు సాధారణంగా సున్నా నుంచి ఒక డిగ్రీ దాకా పెడతారు. 1965, 1966 మస్టాంగ్‌లలో దీన్ని పై కంట్రోల్ ఆర్మ్ వద్ద షిమ్‌లతో, 1967 నుంచి స్ట్రట్ రాడ్ నట్లతో సరిచేస్తారు. క్యాస్టర్, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) కుదిరాకే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) చూడాలి. తారుమారైతే మొదటికొస్తుంది.

టైర్ల వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. ఆ కార్లు పుట్టింది సన్నటి బయాస్ టైర్లమీద, ఇప్పుడు వేసే వెడల్పాటి రేడియల్స్ ఆగిన చోట బరువుగా తిరుగుతాయి. 16 అంగుళాల అసలు స్టీరింగ్ వీల్ తీసి సోకుకు 14 అంగుళాలది పెడితే చేతిబలం ఏడో వంతు ఎక్కువ కావాలి. నడిపే అలవాటు కూడా మార్చుకోవాలి: నిలిచిన బండిలో స్టీరింగ్ తిప్పకుండా, కాస్త కదలనిచ్చి తిప్పాలి. మన దగ్గర పాత అంబాసడర్ నడిపినవారికి ఇది చెప్పక్కర్లేదు.

ఆరు సిలిండర్ల కార్లకు, 289 క్యూబిక్ అంగుళాల చిన్న వీ8లకు ఈ మార్పిడి బాగా కుదురుతుంది. 1967 నుంచి వచ్చిన 390, తర్వాతి 428 లాంటి పెద్ద ఇంజిన్ల బరువంతా ముందు చక్రాలమీదే పడుతుంది. వాటికి పవర్ స్టీరింగ్ ఉంచి, లీకులు బాగుచేయించుకోవడమే మేలు. మార్చినవారు విప్పిన సామానంతా మూటగట్టి, పేర్లు రాసి దాచుకోవాలి. 1967 నుంచి తయారైన ఫోర్డ్ కార్లకు ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టి రిపోర్ట్‌లో పవర్ స్టీరింగ్ ఉన్నదీ లేనిదీ రాసి ఉంటుంది, కొనేవారు అడిగేది ఆ కాగితాన్నే.