షటిల్ కోర్టులో తగాదా సర్వీసు దగ్గరే

పెద్దపల్లి: గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, జ్యోతినగర్... ఎటు వెళ్లినా క్వార్టర్ల నడుమ కాస్త జాగా ఉంటే చాలు, రెండు గుంజలు పాతి నెట్టు కడతారు. నైట్ షిఫ్టు దిగినవారు, ఫస్ట్ షిఫ్టుకు పోవలసినవారు, బడి పిల్లలు ఒకే కోర్టులో కలిసి ఆడతారు. సుల్తానాబాద్, మంథని వైపు పల్లెల్లోనూ బడి ఆవరణలో సాయంత్రం పూట షటిల్ బ్యాట్లు కనబడుతూనే ఉంటాయి. ఆట వచ్చినవారికి కొదవ లేదు. నియమాలు తెలిసినవారే తక్కువ. అందుకే అరగంట ఆటలో పది నిమిషాలు వాదనకే పోతుంది.

వాదన చాలా వరకు ఒకేచోట మొదలవుతుంది. పెద్దవారు తమ కాలంలో నేర్చిన 15 పాయింట్ల లెక్క చెబుతారు. పిల్లలు టీవీలో చూసిన 21 లెక్క చెబుతారు. ఇద్దరూ చెప్పేది ఒకనాడు నిజమే. నాగండ్ల గ్రామంలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచినప్పుడు ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌పై స్కోరు 15-12, 15-6. పి.వి.సింధు 2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు జపాన్ క్రీడాకారిణి ఒకుహరాపై స్కోరు 21-7, 21-7. ఈ రెంటి నడుమ, 2006లో, అంతర్జాతీయ సమాఖ్య లెక్క మార్చింది.

మారింది అంకె ఒక్కటే అనుకుంటే పొరపాటు. పాత పద్ధతిలో సర్వీసు చేసేవారికే పాయింటు. సర్వీసు తప్పినా, ర్యాలీ పోయినా సర్వీసు చేతులు మారేది తప్ప ఎదుటివారి ఖాతాలో పాయింటు పడేది కాదు. 2006లో వచ్చిన పద్ధతిలో ర్యాలీ ఎవరు గెలిస్తే పాయింటు వారిది, సర్వీసూ వారిదే. అంటే సర్వీసు తప్పు చేస్తే ఎదుటివారికి ఒక పాయింటు ఊరికే ఇచ్చినట్టు. పల్లె నుంచి మండల, జిల్లా స్థాయి ఎంపిక పోటీలకు వెళ్లే పిల్లలకు దెబ్బ తగిలేది ఇక్కడే. స్మాష్ బాగా కొడతారు, పరుగు బాగుంటుంది, కాని అంపైరు ‘సర్వీస్ ఫాల్ట్’ అన్నప్పుడు ఎందుకన్నాడో తెలియదు. అదే తప్పు మళ్లీ చేస్తారు. మూడు నాలుగు పాయింట్లు అలా పోతే 21 పాయింట్ల ఆటలో తిరిగి రాబట్టుకోవడం కష్టం.

కనుక సర్వీసు సంగతి వివరంగా చూద్దాం. బ్యాటు తగిలే క్షణంలో కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపు ఎత్తులో ఉండాలి. ఇది సుమారు మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. పూర్వం నడుము కంటే కింద అనేవారు. నడుము ఎక్కడ అన్నదానిపైనే అంపైర్లకు, ఆటగాళ్లకు పేచీ వచ్చేది. 2018లో అందరికీ ఒకే ఎత్తు పెట్టారు. పొట్టివాడైనా, పొడుగువాడైనా అదే కొలత. మన కోర్టులో ఒక గుంజకు ఆ ఎత్తులో రంగు దారం కడితే పిల్లలకు అలవాటవుతుంది. బ్యాటు మొదట తగలవలసింది కింది కార్కుకు, ఈకలకు కాదు. రెండు పాదాలూ కొంతైనా నేలకు ఆని కదలకుండా ఉండాలి. గీత తొక్కకూడదు. బ్యాటు ముందుకు కదలడం మొదలైన తర్వాత మధ్యలో ఆపి, ఎదుటివాడిని మోసపుచ్చి కొట్టకూడదు. సర్వీసు అందుకునేవాడు కూడా కాక్‌కు బ్యాటు తగిలేదాకా కదలకూడదు. మన కోర్టుల్లో ఈ చివరి నియమాన్ని పట్టించుకునేవారు అరుదు.

ఇక సర్వీసు ఎటు నుంచి? మీ స్కోరు సున్నా గాని సరిసంఖ్య గాని అయితే కుడివైపు నుంచి, బేసి అయితే ఎడమవైపు నుంచి, ఎదురుగా ఐమూలగా ఉన్న గడిలోకి. సింగిల్స్‌లో ఇంతకంటే చిక్కు లేదు. చిక్కంతా డబుల్స్‌లోనే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకవైపు అన్న, తమ్ముడు. అవతల బావ, బావమరిది. అన్న, బావ తమ తమ కుడి గడుల్లో ఉన్నారు. స్కోరు 0-0. అన్న కుడి నుంచి బావకు సర్వీసు చేశాడు. ర్యాలీ అన్నదమ్ములు గెలిచారు, 1-0. ఇప్పుడు అన్నదమ్ములు గడులు మార్చుకుంటారు. అన్న ఎడమ నుంచి బావమరిదికి సర్వీసు చేస్తాడు. అవతలివారు మాత్రం ఉన్నచోటే ఉంటారు. ఈ ర్యాలీ బావ పక్షం గెలిచింది, 1-1. పాయింటు, సర్వీసు రెండూ అటు వెళ్లాయి. ఎవరూ చోటు మారరు. వారి స్కోరు 1, అంటే బేసి. కనుక వారి ఎడమ గడిలో ఉన్న బావమరిదే సర్వీసు చేయాలి, ఎడమ గడిలో ఉన్న అన్నకు. ఆ ర్యాలీ అన్నదమ్ములు గెలిస్తే 2-1. వారి స్కోరు సరిసంఖ్య, కుడి గడిలో ఉన్నది తమ్ముడు, సర్వీసు తమ్ముడిది. సూత్రం ఒక్కటే. సర్వీసు చేస్తూ పాయింటు గెలిచిన పక్షమే గడులు మారుతుంది. ఒక పక్షానికి వరుసగా రెండు సర్వీసు చేతులు ఉండే పాత పద్ధతిని మరచిపోవాలి.

ఇవన్నీ సర్వీసు వేళ నిలబడే చోటు గురించే. సర్వీసు అయ్యాక ఇద్దరిలో ఎవరు ఎక్కడినుంచైనా కొట్టవచ్చు. కాని ఇద్దరూ ఒకరి వెంట ఒకరు కొడితే తప్పు.

కోర్టు గీతల్లోనూ ఒక తిరకాసు ఉంది. కోర్టు పొడవు 44 అడుగులు. వెడల్పు డబుల్స్‌కు 20, సింగిల్స్‌కు 17 అడుగులు. నెట్టు నుంచి ఆరున్నర అడుగుల దూరంలో ఒక గీత, దాని లోపల సర్వీసు పడకూడదు. డబుల్స్‌లో సర్వీసు మాత్రం వెనక గీతకు రెండున్నర అడుగుల ముందున్న మరో గీత దాటకూడదు. సింగిల్స్‌లో వెనక గీత దాకా పోవచ్చు. అంటే సర్వీసు గడి సింగిల్స్‌కు సన్నగా పొడవు, డబుల్స్‌కు వెడల్పుగా పొట్టి. గీత మీద పడ్డ కాక్ లోపల పడ్డట్టే. నెట్టు ఎత్తు మధ్యలో 5 అడుగులు, గుంజల దగ్గర 5 అడుగుల ఒక అంగుళం. నడుమ జారిన నెట్టు మీద ఆడితే అలవాటు చెడుతుంది.

సున్నంతో గీసేటప్పుడు మూలలు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి తాపీ మేస్త్రీని పిలవనక్కరలేదు. 44, 20 అడుగుల కోర్టుకు ఒక మూల నుంచి ఎదురు మూలకు తాడు పడితే 48 అడుగుల 4 అంగుళాలు రావాలి. రెండో వైపూ అంతే రావాలి.

తరచు వచ్చే మరికొన్ని పేచీలు. సర్వీసు నెట్టుకు తగిలి అవతల సరైన గడిలో పడితే అది మంచి సర్వీసే, మళ్లీ చేయనక్కరలేదు. బ్యాటు గాని ఒళ్లు గాని నెట్టుకు తగిలితే పాయింటు పోతుంది. కాక్ ఇంకా అవతలి వైపు ఉండగానే చేయి చాచి కొడితే తప్పు. మన వైపు తగిలించాక బ్యాటు ఊపులో అవతలికి పోతే తప్పు కాదు. బయటికి పోతున్న కాక్ మన చొక్కాకు తగిలినా పాయింటు ఎదుటివారిదే. ‘అది ఎలాగూ అవుటే కదా’ అంటే చెల్లదు. ఆరుబయట వేపకొమ్మకో, కరెంటు తీగకో తగిలితే ఏమిటన్నది ఆటకు ముందే అనుకోవాలి. స్థానిక అడ్డంకులకు ముందుగా నియమం పెట్టుకునే వీలు ఉంది.

ఆరుబయట ఆటకు పదహారు ఈకల కాక్ నిలవదు. దాని బరువు అయిదున్నర గ్రాములకు మించదు, చిన్న గాలికే పక్కకు పోతుంది. పల్లెల్లో నైలాన్ కాక్‌తో, గాలి లేచేలోపు ఆడుకోవడం మేలు.

ఈ ప్రాంతాల్లో పాతతరానికి బ్యాడ్మింటన్ అంటే పసుపుపచ్చ ఊలు బంతితో జట్టుకు అయిదుగురు ఆడే బాల్ బ్యాడ్మింటన్. వరంగల్‌కు చెందిన జమ్మలమడక పిచ్చయ్యకు ఆ ఆటలోనే 1970లో అర్జున అవార్డు వచ్చింది. ఆ ఆట ఆడినవారి చేతివాటం షటిల్‌కు పనికివస్తుంది గాని లెక్కలు పనికిరావు. పిల్లలకు నేర్పే పెద్దలు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు.

గెలుపు లెక్క ఇలా. మూడు గేముల్లో రెండు గెలవాలి. 20-20 అయితే రెండు పాయింట్ల ఆధిక్యం కావాలి. 2017లో గ్లాస్గోలో ప్రపంచ పోటీల ఫైనల్లో సింధు, ఒకుహరా 110 నిమిషాలు పోరాడారు. సింధు 19-21, 22-20, 20-22తో ఓడింది. రెండో గేము, మూడో గేము 20 వద్ద సమమయ్యాయి కనుకనే 22 దాకా సాగాయి. అలా సాగి సాగి 29-29 అయితే తర్వాతి ఒక్క పాయింటుతో తేలిపోతుంది. ఒక పక్షం 11కు చేరగానే నిమిషం విరామం. గేముకూ గేముకూ మధ్య రెండు నిమిషాలు. మూడో గేములో 11 దగ్గర కోర్టు వైపులు మారాలి. ఇంకా కుదించి 15 పాయింట్లకు ఆడించే పద్ధతిని 2025లో కొన్ని పోటీల్లో పరీక్షించారు. పోటీకి వెళ్లేవారు ఎన్ని పాయింట్ల ఆటో నిర్వాహకులను ముందే అడగడం మంచిది.

అంపైరు లేని మన కోర్టుల్లో స్కోరును ప్రతి సర్వీసుకు ముందు పైకి చెప్పాలి. సర్వీసు చేసేవారి అంకె ముందు, అందుకునేవారిది తర్వాత. మొదటి అంకె వినగానే సర్వీసు కుడి నుంచా ఎడమ నుంచా అన్నది కోర్టులో ఉన్న నలుగురికీ, గట్టు మీద కూర్చున్నవారికీ తెలిసిపోతుంది.