ఫోటోలో దాగిన చిరునామా

హైదరాబాదులో హైటెక్ సిటీకి చేరువలో ఖాజాగూడ ఉన్నది. అద్దాల మేడల నడుమ అక్కడ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు గుట్టలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఒక ఆదివారం ఒక అమ్మాయి అక్కడి బండ ఎక్కి సెల్‌ఫోనుతో ఫోటో తీసుకున్నదనుకుందాం. ఆ ఫోటోలో ఏమేమి ఉంటాయి? అమ్మాయి, బండ, ఆకాశం. అంతేనా? కాదు. కంటికి కనబడని కొన్ని అంకెలు కూడా ఉండవచ్చు!

అవి ఎక్కడి నుంచి వచ్చాయి? భూమి చుట్టూ తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాలు రేడియో సంకేతాలు పంపుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు చేరిన కాలాన్ని బట్టి ఫోను తానున్న చోటును లెక్క కడుతుంది. కెమేరాకు అనుమతి ఇచ్చి ఉంటే ఆ అక్షాంశ రేఖాంశాలను, తేదీని, వేళను ఫోటోతో పాటే రాసి పెడుతుంది.

ఖాజాగూడ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి దశాంశ బిందువు తరువాత ఒక్క అంకె ఉంటే 11 కిలోమీటర్ల మేర మాత్రమే తెలుస్తుంది. నాలుగు అంకెలుంటే? 11 మీటర్లు! అంటే మీ ఊరు కాదు, మీ ఇల్లే తెలిసిపోతుందన్నమాట.

చాలా సామాజిక మాధ్యమాలు ఈ అంకెలను ఇతరులకు చూపకుండా తొలగిస్తాయి. కాని బడి దుస్తులు, బస్సు నంబరు, వీధి బోర్డు ఫోటోలోనే ఉంటాయి కదా! ఒక్కొక్క ఫోటో ఒక్కొక్క చుక్క. చుక్కలన్నీ కలిపితే ముగ్గు తయారవుతుంది.

మన సంగతులు మన చేతిలో ఉండటాన్నే గోప్యత అంటారు. ఇది హక్కేనా? 1962లో ఖరక్ సింగ్ కేసులో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రివేళ ఆయన ఇంటి తలుపు తట్టేవారు. ఆ రాత్రి తనిఖీలు చెల్లవని కోర్టు చెప్పింది. కాని గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు అన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు.

అప్పుడు ఓడిన ఆ మాట 55 ఏళ్ళకు గెలిచింది! 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. తరువాత 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ళు నిండని వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన వాటి అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

చట్టం రావడానికి ఏళ్ళు పట్టింది. ఫోటో వెళ్ళిపోవడానికి ఒక్క సెకను చాలు. పంపినదాన్ని చెరిపివేసినా, అప్పటికే ఎవరైనా దాచుకుని ఉంటే తిరిగి తీసుకోలేము. స్నేహితుల ఫోటో పెట్టే ముందు వారిని అడగండి. వారికీ మీకున్న హక్కే ఉన్నది.

ఈ ప్రయోగం చేసి చూడండి. ఇంట్లో పెద్దల ఫోను అడిగి తీసుకుని, ఒక ఫోటో తెరచి, దాని వివరాలు చూడండి. తేదీ కింద మ్యాపు కనిపించిందా? అయితే కెమేరా సెట్టింగులలో ‘లొకేషన్’ ఆపివేసి, మరో ఫోటో తీయండి. రెండింటినీ పోల్చి చూడండి!