పీచు పంపే సందేశం

తిన్న అన్నాన్ని అరిగించే అగ్ని ఒకటి ఉదరంలో ఉందని ప్రాచీనులు భావించారు. దానికి జఠరాగ్ని అని పేరు పెట్టారు. ఆ అగ్నికి లొంగని పదార్థం ఒకటి ప్రతి భోజనంలోను ఉంటుంది. అదే పీచు. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు చాలా వరకు చిన్నప్రేగులోనే జీర్ణమై దేహంలో కలుస్తాయి. ధాన్యపు పైపొరలోను, పప్పుల పొట్టులోను, కాయగూరలలోను ఉండే పీచును విడగొట్టగల ఎంజైములు మానవదేహంలో లేవు. కనుక అది అరగకుండానే పెద్దప్రేగుకు చేరుతుంది. పొట్టు అనీ, పిప్పి అనీ తేలికగా చూసే ఈ శేషానికి దేహంలోని కొవ్వును ప్రభావితం చేసే శక్తి ఉందని ఆధునిక పరిశోధనలు తెలుపుతున్నాయి.

పెద్దప్రేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. మనిషికి అరగని పీచే వాటికి ఆహారం. తోడు వేసిన పాలు పులిసి పెరుగైనట్లు, ప్రాణవాయువు దాదాపుగా లేని ఆ చోట పీచు పులుస్తుంది. అప్పుడు ముఖ్యంగా మూడు ఆమ్లాలు పుడతాయి. అవి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు. వీటి అణువులలో కర్బన పరమాణువులు వరుసగా 2, 3, 4 మాత్రమే. వంటనూనెలలోని కొవ్వు ఆమ్లాలలో ఎక్కువగా 16 గాని 18 గాని ఉంటాయి. అందుచేత ఈ మూడింటిని పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలు అంటారు. మొదటిదాని పేరు వెనిగర్‌ను తెలిపే లాటిన్ పదం నుండి వచ్చింది. రెండవదానికి గ్రీకు భాషలో 'తొలి కొవ్వు' అని అర్థం. మూడవది వెన్నను సూచించే మాట. పేరులో కొవ్వు ఉన్నా, దేహంలో కొవ్వు పేరుకొనడాన్ని అదుపు చేయడంలో వీటికి పాత్ర ఉండటం విశేషం.

కొవ్వు కణజాలం కేవలం నిల్వలు దాచే గాదె అని పూర్వం అనుకొనేవారు. దేహంలో కొవ్వు ఎంత ఉన్నదో మెదడుకు తెలిపే లెప్టిన్ అనే హార్మోను ఆ కణాలలోనే తయారవుతుందని 1994లో వెల్లడైంది. కొవ్వు కణం కబురు పంపడమే కాదు, కబురు అందుకొంటుంది కూడా. పొట్టి గొలుసు ఆమ్లాలను గుర్తించే గ్రాహకాలను శాస్త్రజ్ఞులు 2003లో గుర్తించారు. తాళానికి తాళంచెవి వలె ఈ ఆమ్లాలు ఆ గ్రాహకాలకు సరిపోతాయి.

ఆ కలయిక ఫలితాన్ని జపాన్ శాస్త్రజ్ఞులు 2013లో ఎలుకల ద్వారా వివరించారు. అటువంటి గ్రాహకాలలో ఒకదానిని తొలగించిన ఎలుకలు మామూలు ఆహారం తింటూనే లావెక్కాయి. కొవ్వు కణజాలంలో అదే గ్రాహకం అధికంగా ఉన్న ఎలుకలు కొవ్వు మిక్కుటమైన ఆహారం తిన్నా సన్నగా ఉన్నాయి. ప్రేగులలో సూక్ష్మజీవులు లేకుండా చేసినప్పుడు మాత్రం ఈ భేదం కనిపించలేదు. గ్రాహకం మేల్కొన్నప్పుడు, ఇంధనాన్ని దాచుకొమ్మని ఇన్సులిన్ ఇచ్చే ఆజ్ఞ కొవ్వు కణంలో మందగిస్తుంది. ఆ ఇంధనం కండరాల వంటి ఇతర అవయవాలలో ఖర్చవుతుంది. దాచే చోటు చాలక కొవ్వు కాలేయంలోను, కండరాలలోను చేరితే ఇన్సులిన్ పనితీరు దెబ్బతిని మధుమేహానికి దారి ఏర్పడుతుంది. ఈ కబురు విలువ అక్కడ తెలుస్తుంది.

ఈ ఆమ్లాలు వేరే మార్గాలలోను పనిచేస్తాయి. బ్యుటిరిక్ ఆమ్లం పెద్దప్రేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఇంధనం. ప్రేగు గోడలోని కొన్ని కణాలు ఈ ఆమ్లాల ప్రేరణతో ఆకలిని తగ్గించే హార్మోనులను విడుదల చేస్తాయి. లండన్ పరిశోధకులు అధిక బరువు గల 60 మందితో 24 వారాలు జరిపిన పరీక్ష ఫలితాలను 2015లో ప్రకటించారు. ప్రొపియానిక్ ఆమ్లాన్ని పెద్దప్రేగుకు చేరవేసే పదార్థాన్ని రోజుకు 10 గ్రాములు తీసుకొన్నవారిలో బరువు పెరుగుదల అదుపులో ఉంది. అయితే వారు ఒక్కసారిగా సన్నబడలేదు.

ఎలుకలలో కనిపించినదంతా మనుషులలో అంతే స్పష్టంగా కనిపిస్తుందని చెప్పలేము. ఈ ఆమ్లాలు కూడా దేహానికి కొంత శక్తిని సమకూరుస్తాయి. సూక్ష్మజీవులు లేని ఎలుకలకు వాటిని చేర్చినప్పుడు, తక్కువ తింటూనే వాటి కొవ్వు దాదాపు 60 శాతం పెరిగిందని 2004లో తేలింది. కనుక వీటిని సర్వరోగ నివారిణిగా భావించరాదు. ఏ ఆహారం తిన్నారు, ఎంత తిన్నారు అనే దానిపై ఫలితం ఆధారపడి ఉంటుంది.

పెద్దలు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. జొన్నలు, రాగులు, పొట్టుతో కూడిన పప్పులు, ఆకుకూరలు పీచుకు నెలవులు. దంపుడు బియ్యంలో ఉండే పైపొర మరపట్టిన తెల్లని బియ్యంలో ఉండదు. వండి చల్లార్చిన అన్నంలోని పిండిపదార్థం కొంత అరగని రూపానికి మారి, పీచు వలెనే పెద్దప్రేగుకు చేరుతుంది. ఆ విధంగా చూస్తే చద్దన్నానికి కూడా ఇందులో కొంత స్థానం ఉంది. బియ్యం తెల్లబడిన కొద్దీ కంటికి ఇంపుగా ఉంటుంది. కాని తవుడుతో పాటు తొలగిపోయేది లోపలి జీవులకు అందవలసిన ఆహారం. అది అందనినాడు కొవ్వు కణానికి చేరవలసిన కబురు కూడా సన్నగిల్లుతుంది.