‘సెక్టర్ 4 వాళ్ళు’ అంటే ఎవరు? పిలిస్తేనే చేరే వాట్సాప్ గ్రూపులో అసలు చిక్కు

భిలాయ్ సెక్టర్ 4 తెలుగువాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టడం రెండు నిమిషాల పని. అందులో ఎవరుండాలో తేల్చడమే కష్టం.

సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ ఉక్కు పనికి ఉత్తరాంధ్ర నుంచి చాలా కుటుంబాలు తరలివచ్చాయి. అయితే టౌన్‌షిప్‌లో క్వార్టర్ ఉద్యోగంతో ముడిపడినది. 60 ఏళ్ళకు రిటైరైతే, లీజు వంటి ఏర్పాటు ఉన్నవాళ్ళు తప్ప, సాధారణంగా ఇల్లు ఖాళీ చేయాల్సిందే. చిరునామానే అర్హతగా పెట్టుకుంటే 30 ఏళ్ళు అక్కడ బతికినాయన బయట ఉంటారు, నిన్న బదిలీపై వచ్చినాయన లోపల ఉంటారు. క్వార్టరే దక్కని కాంట్రాక్టు కార్మికుడి సంగతి సరే సరి.

‘తెలిసినవాళ్ళు పిలిస్తే చేర్చుకుందాం’ అన్నది తేలికైన దారి. 2004లో ఆర్కుట్, 2020లో క్లబ్‌హౌస్ అలాగే మొదలయ్యాయి. కానీ ఎవరైనా తమలాంటి వాళ్ళనే పిలుస్తారు. మొదటి పదిమందీ ఒకే కులం, ఒకే జిల్లా, ఒకే డిపార్ట్‌మెంట్ అయితే వందో మనిషీ దాదాపు అక్కడివారే అవుతారు. అందుకే నిబంధనలు రాసుకోవడం కన్నా ఆ పదిమంది ఎంపిక ముఖ్యం. ఇంటికో నంబరు అనుకున్నా ఇబ్బందే. అది సాధారణంగా ఇంటాయన నంబరే అవుతుంది, ఆడవాళ్ళ మాట గ్రూపు దాకా రాదు.

రెండోది పూచీ. చీటీ పాడుకున్నవాడికి హామీ సంతకం అడిగినట్టే ఇక్కడా అడగొచ్చు. లాబ్‌స్టర్స్ అనే ప్రోగ్రామర్ల వేదికలో ఎవరిని ఎవరు పిలిచారో అందరికీ కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఆ పని లింకుతో కాదు. లింకు ఎక్కడికైనా పోతుంది. 2020 ఫిబ్రవరిలో అలాంటి గ్రూపు లింకులు గూగుల్ సెర్చ్‌లోనే కనిపించాయి. పైగా గ్రూపులో సభ్యుల ఫోన్ నంబర్లు బయటపడతాయి. రిటైర్మెంట్ డబ్బు చేతికందిన పెద్దలున్న గ్రూపులో మోసగాడికి అంతకన్నా కావలసిందేముంది? కొత్తవారికి అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేసే సెట్టింగ్ పెట్టుకోవడం, పిలిచినవారి పేరు గ్రూపులో చెప్పడం కనీస జాగ్రత్త.

సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ జైలుకెళ్ళాలా అన్న భయం చాలామందికి ఉంది. ఉమ్మడి ఉద్దేశం రుజువైతే తప్ప అడ్మిన్‌ను బాధ్యుడిని చేయలేమని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో చెప్పింది. సభ్యులను చేర్చడం, తొలగించడం వరకే అడ్మిన్ అధికారమని కూడా గుర్తుచేసింది. తొలగించాల్సిన మనిషి రేపు పెళ్ళిలో ఎదురుపడే బంధువైతే, ఆ అధికారం కూడా కాగితం మీదే ఉంటుంది.